నడుం దాకా ఇసుక

మార్కాపురంలో మందులు తీసుకుని తర్లుపాడు పక్కనున్న మా అత్తగారి ఊరికి తిరిగివచ్చేసరికి, నా కొడుకును దొడ్లో పాతిపెట్టి ఉంచారు.

ఊరికే అనడం లేదు. గుంట తవ్వి, వాణ్ని అందులో కూర్చోబెట్టి, నడుం దాకా ఇసుక నింపారు. రెండేళ్లు దాటినా కూర్చోలేని పిల్లవాడు నిటారుగా ఉండి మేకపిల్లను చూసి నవ్వుతున్నాడు. నా చేతిలోని సంచి జారిపోయింది.

"ఏందత్తా ఇది! బిడ్డనేం చేసినారు?"

"కూర్చోబెట్టినా. నీ మొగుణ్ని గూడా చిన్నప్పుడు ఇట్లనే పెట్టినాము. నీ దిండ్ల కంటే ఇదే మేలు."

వాణ్ని పైకి లాగి, ఇసుక దులుపుతూ ఏడ్చేశాను.

పుట్టగానే ఊపిరి అందక వాడి మెదడుకు దెబ్బ తగిలింది. నడుం నిలపడం నేర్పడానికి ఫిజియోథెరపీ చేయిస్తున్నాం. మర్నాడు ఆ ఫిజియోథెరపీ మేడం దగ్గర జరిగిందంతా చెప్పాను. అత్త కూడా వచ్చింది. ఆమెకు నాలుగు చీవాట్లు పడాలని నా కోరిక.

"మరి మీరెట్ల కూర్చోబెడతారమ్మా?" అంది మేడం.

ఫోనులో ఫోటో చూపించాను. గోడ మూల, చుట్టూ దిండ్లు, నడుముకు చున్నీ కట్టు. ఎనిమిది నెలలుగా రోజూ గంటసేపు అలాగే కూర్చోబెడుతున్నాను.

"ఇసుకైనా దిండ్లైనా ఒకటేనమ్మా. వీడికి పడే పనే లేదు గదా. పడబోతేనే గదా చెయ్యి ఆనించి ఆపుకునేది!" అంది మేడం.

ఫోను సంచిలో పెట్టేశాను.

"నాది ఇసుక గుంట, నీది డిగ్రీ గుంట," అంది అత్త.

మేడం వాణ్ని మెత్తటి చాప మీద కూర్చోబెట్టి, తుంటి దగ్గర మాత్రం పట్టుకుని, మెల్లగా చేతులు తీసేసింది. వాడు కుడివైపు ఒరిగాడు. నేను ముందుకు దూకబోతే అత్త నా మణికట్లు పట్టుకుంది. వాడు పడ్డాడు. ఏడ్చాడు. మేడం మళ్లీ కూర్చోబెట్టింది. మళ్లీ పడ్డాడు. ఎన్నోసారో, ఒరుగుతూ ఒరుగుతూ అరచెయ్యి చాప మీద ఆనించాడు. మోచెయ్యి వణుకుతోంది. మేడం చేతులు గాల్లో ఉన్నాయి. ఎవరూ పట్టుకోలేదు. వాడు కూర్చునే ఉన్నాడు.

అయిదారు క్షణాల తర్వాత పక్కకు వాలిపోయాడు.

"ఇంటికాడ రోజూ ఇట్లనే, పరుపు మీద, పక్కనే ఉండి పడనీయండి," అంది మేడం.

"నా వల్ల గాదు తల్లీ," అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ.

"నేను చేతులు వదిలేస్తా," అన్నాను. "మీరు నన్ను పట్టుకోండత్తా."