ఫుల్‌స్టాపు బాబాయి, పంతొమ్మిది పేజీలు

ఫుల్‌స్టాపు బాబాయికి నోరు మూసుకుని చదవడం చేతకాదు. కంటికి అక్షరం కనబడితే చాలు, గొంతు లేచేది. సబ్బు పెట్టె, లిఫ్టులో హెచ్చరిక, మంటలార్పే డబ్బా మీది సూచనలు, ఏదైనా సరే, కామాలతో సహా పైకి చదివేసేవాడు. "చేతులు శుభ్రముగా కడుగుకొనవలెను. ఫుల్‌స్టాప్." అక్కడ ఆగి, చప్పట్లు కొడతారేమోనన్నట్టు చుట్టూ చూసేవాడు.

ఒకసారి వాళ్ళావిడ మోకాలి నొప్పికి మాత్రలు తెచ్చుకుంది. డబ్బాలోని చీటీ ఈయన చేతిలో పడింది.

"కళ్ళు తిరగవచ్చును, కామా, వాంతులు కావచ్చును, కామా, అరుదుగా..."

"అరుదుగా ఏంటండీ?" ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది.

"అరుదుగా మోకాళ్ళ నొప్పి రావచ్చును. ఫుల్‌స్టాప్."

ఆవిడ ఆ మాత్రలు ముట్టుకుంటే ఒట్టు.

అయితే ఆయన వల్ల ఆవిడకంటే ఎక్కువ విసిగిపోయిన మనిషి గిడ్డంగిలో సూపర్‌వైజరమ్మ. కొన్నవాళ్ళు నచ్చక తిప్పి పంపిన బట్టలన్నీ ఆ గిడ్డంగికే వచ్చేవి. పొడవాటి బల్లల ముందు నలభై మంది నిలబడి చొక్కాల చంకలు వాసన చూసి, కాలర్లకి అంటిన పౌడరు వెతికి, బొత్తాలు సరిచూసి, కొత్తవాటిలా మడిచిపెట్టాలి. గంటకి అరవై. బాబాయి మాత్రం ప్రతి చొక్కా లోపలి చీటీ చదివేవాడు. "నీడలో ఆరవేయవలెను..."

"బాబాయ్, మీరు ఉతుకుతున్నారా, మడుస్తున్నారా?" అని ఆమె అరిచేది.

"వస్తున్నానమ్మాయ్, ఇంకొక్క వాక్యమే."

ఒకరోజు మేనేజరు అట్టపెట్టె నిండా తీగలున్న చేతితొడుగులు తెచ్చాడు. అవి వేసుకుని పనిచేస్తే వేళ్ళ కదలికలన్నీ యంత్రానికి పాఠాలవుతాయట. "యంత్రం ముందు అందరూ సమానమే! అది నేర్చుకుంటే లాభం అందరిదీ," అన్నాడు. ముందుగా అందరూ ఫోన్‌లో ఒప్పందం తెరిచి, 'ఒప్పుకుంటున్నాను' అన్న బటన్ నొక్కాలి. సాయంత్రానికల్లా నలభై మంది చేతా నొక్కిస్తే సూపర్‌వైజరమ్మని శిక్షణాధికారిని చేస్తానన్నాడు. మేనేజరు నొక్కాడు, ఆఫీసు గుమాస్తాలు నొక్కారు. ఆమె అందరికంటే ముందే నొక్కేసింది. రెండు సెకన్లు పట్టింది.

బాబాయికి మూడు రోజులు పట్టింది. పంతొమ్మిది పేజీలు, టీ విరామంలో, గొంతెత్తి. ఆయన ముగించేదాకా బల్లల వాళ్ళెవరూ బటన్ నొక్కలేదు.

"యంత్రము సిద్ధమైన పిమ్మట, కామా, చేతిపనివారి ఆవశ్యకతను సంస్థ పునఃపరిశీలించును. ఫుల్‌స్టాప్."

ఆగాడు. ఎదుటి బల్ల దగ్గర మడతల అత్త టీ గ్లాసు దించింది. గిడ్డంగిలో అందరికంటే పాత మనిషి ఆవిడ.

"పునః... అదేంటి తమ్ముడూ?"

"మనల్ని ఇంటికి పంపిస్తారని, అక్కా."

"మరి ఆ ముక్కే రాయచ్చుగా?"

"అలా రాస్తే చదువుతామని భయం."

పదిహేడో పేజీలో ఇంకో వాక్యం దొరికింది. బటన్ నొక్కినవాళ్ళు ఉద్యోగం పోతే వచ్చే పరిహారాన్ని వదులుకున్నట్టేనట. కాగితం అడిగి సంతకం పెట్టినవాళ్ళకి మాత్రం ఆరు నెలల జీతం ఇవ్వాలట. బాబాయి ఆ వాక్యాన్ని ఐదుసార్లు చదివాడు. మర్నాడు బల్లల దగ్గరివాళ్ళంతా కాగితాలు అడిగి, సంతకాలు పెట్టాకే తొడుగులు వేసుకున్నారు.

మేనేజరు సూపర్‌వైజరమ్మని గదిలోకి పిలిచి చెడామడా తిట్టాడు. ఆమె బయటికొచ్చి బాబాయి మీద పడింది. "మీ నోటికి తాళం వేస్తే ఎంత బావుణ్ణు!"

"నువ్వూ కాగితం అడగవే అమ్మాయ్," అన్నాడాయన.

"నాకు చదువొచ్చు. ఒకరు చెప్పక్కర్లేదు."

తొమ్మిది నెలలకి ఇనుప చేతులు దిగాయి. అచ్చం మడతల అత్తలాగే చొక్కా చేతులు లోపలికి మడిచి, కాలరు సర్ది, చివర్లో చొక్కాని చిన్నగా తట్టేవి, నిద్రపోయే పిల్లని తట్టినట్టు. ఆ తట్టు దేనికీ పనికిరాదు. అత్తకది ముప్పై ఏళ్ళ అలవాటు, అంతే. అదీ వదలకుండా తీసుకున్నారు. అత్త చాలాసేపు దాన్నే చూసి, "నాకంటే బాగా తడుతోంది," అని మొహం తిప్పుకుంది.

మేనేజరు అన్న మాట నిలబెట్టుకున్నాడు. యంత్రం ముందు అందరూ సమానమే అయ్యారు. మడిచేవాళ్ళూ, మడిపించే సూపర్‌వైజరమ్మా ఒకే రోజు ఇంటిదారి పట్టారు. బల్లల వాళ్ళకి ఆరు నెలల జీతం. ఆమెకి రంగుల అంచున్న ప్రశంసాపత్రం.

బట్టలు మార్చుకునే గదిలో ఆమె అత్త పక్కన కూలబడింది. "మీరంతా ఆయన గోల ఎలా భరించారత్తా ఇన్నేళ్ళూ?"

"గోలేంటే? మా బల్ల మీద తొమ్మిది మందిమి. ఆరుగురికి అక్షరం ముక్క రాదు."

సూపర్‌వైజరమ్మ నోరు తెరిచింది. "పన్నెండేళ్ళుగా చూస్తున్నా, నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెప్పుకోవాల్సిన అవసరం ఆయన రానివ్వలేదు. నేనొకసారి మరకలు తీసే మందుని సబ్బు నీళ్ళనుకుని చేతికి రాసుకున్నా. బొబ్బలొచ్చాయి. ఎందుకు రాసుకున్నావని ఆయన అడగలేదు. మర్నాటి నుంచి కనబడ్డ డబ్బానల్లా పైకి చదవడం మొదలెట్టాడు. ఫుల్‌స్టాప్ అని ఆగేది, ఎవరికైనా అర్థంకాకపోతే అడుగుతారని. మొదట్లో కావాలనే చేశాడు. ఆ తర్వాతే ఆ జబ్బు ముదిరింది."

సూపర్‌వైజరమ్మ గేటు దాకా పరిగెత్తింది. బాబాయి అక్కడ పార్కింగు బోర్డు చదువుతున్నాడు.

"బాబాయ్," అని తన ఫోన్ చాచింది. "నన్ను తీసేసిన ఉత్తరం. చదివిపెట్టరూ?"

"నీకు చదువొచ్చు కదమ్మాయ్?"

"వచ్చనే అనుకున్నా."

ఆయన కళ్ళజోడు సర్దుకుని గొంతెత్తాడు. బటన్ నొక్కి, అదే ఉత్తరం అందుకున్న గుమాస్తాలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. "అభ్యంతరమున్నవారు ముప్పది దినములలో, కామా, లిఖితపూర్వకముగా తెలుపవచ్చును. ఫుల్‌స్టాప్."

"తెలిపితే ఎవరు చదువుతారు బాబాయ్?"

"యంత్రమే చదువుతుందేమో. చదవనీ. పంతొమ్మిది పేజీలు రాద్దాం."

బయటికి వెళుతున్న కారొకటి పక్కనే ఆగింది. అద్దం దిగింది. ఒళ్ళో అట్టపెట్టె పెట్టుకుని మేనేజరు. ఆయనకీ అదే ఉత్తరం వచ్చింది.

"ఆ చివరి వాక్యం... ఇంకోసారి చదువుతారా?" అన్నాడు గొణుగుతూ.

బాబాయి ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఇంజను ఆపి కిందికి దిగండి. మొదట్నుంచీ వస్తాను."