పీరా సాబ్ పనిముట్లు

అదురు ఎక్కువైతే మిషను దానంతటదే ఆగిపోయేలా స్విచ్చి బిగించడం పీరా సాబ్ పని. బిగించాక మిషను మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకుంటాడు. ఆదోని పత్తి మిల్లులో కొత్త స్విచ్చికి కుంకుమ పెట్టి, శేషగిరి సేటు తిరుగుతున్న మిషనుకేసి టెంకాయ కొట్టాడు. ఆ దెబ్బకు మిషను ఆగిపోయింది. "అపశకునమప్పా, పీకెయ్యి దాన్ని!" "అది దాని పని చేసింది సేటూ." సేటు వినలేదు. పీరా సాబ్ పీకేశాడు. వాదన అతని సంచిలో లేని పనిముట్టు.

మొన్న ఎమ్మిగనూరు నూనె మిల్లులో స్విచ్చి బిగించి, సంచిలో పానాల పక్కనున్న నున్నటి రాయి తీసి గుమ్మం బయట పెట్టాడు. "కాయ ఈడ కొట్టన్నా." ఆదోని సంగతి విన్న ఓనరు అక్కడే కొట్టాడు. మిషను తిరుగుతూనే ఉంది. "ఆగలేదు సూడు! నీ స్విచ్చి శానా మంచిదప్పా," అన్నాడు ఓనరు. పీరా సాబ్ రాయిని తుడిచి సంచిలో వేసుకున్నాడు.