గోడ అవతలి సినిమా

మా ఊరి టాకీసును కూలగొట్టారని తెలిసినప్పుడు నాకు ముందు బాధ కలగలేదు, అనుమానం కలిగింది. ఎందుకు కూలగొట్టారు? ఆ స్థలం మీద ఎవరి కన్ను పడింది? చెప్పినవాళ్లు నాకే ఎందుకు చెప్పారు? నా స్వభావమే అంత. పాలావిడ ఎదురొచ్చి నవ్వితే గిన్నెలోకి తొంగి చూసే మనిషిని. ఈ స్వభావంతోనే పన్నెండేళ్లప్పుడు ఒకామె నోరు మూయించాను.

ఇనుప గనులున్న బచేలికి కాస్త ఇవతల, కొండల కింద మా ఊరు. నాన్న ఆంధ్ర నుంచి గని పనికి వచ్చాడు. టాకీసుకు రేకుల కప్పు. వాన పడితే తెర మీద పెదాలు కదలడమే తప్ప ఒక్క మాట వినపడేది కాదు. సంత రోజు మధ్యాహ్నం ఆట మాత్రం తెలుగు సినిమా. ఆడవాళ్ల వైపు మధ్యలో నడుమెత్తు గోడ ఉండేది. ఇవతల బెంచీల మీద గని క్వార్టర్ల ఆడవాళ్లం, అవతల నేల మీద అడవి ఊళ్ల నుంచి సంతకు వచ్చిన ఆడవాళ్లు.

వాళ్లకు తెలుగు రాదు. అందుకని వాళ్ల ముందు ఒకామె తెరకు వీపు పెట్టి కూర్చుని సినిమా మొత్తం వాళ్ల గోండీ భాషలో చెప్పేది. అడవి లోపల కిష్టారం వైపు దోర్లా తెగ మనిషి. టాకీసు ఊడ్చే పని ఆమెది. పొద్దున రీళ్లు వేసి సరిచూసేటప్పుడే సినిమా చూసేసేది కాబట్టి తిరిగి చూడాల్సిన అవసరం లేదు. మాట పడిన చోట మాట, పాట వచ్చిన చోట చేతులు ఊపడం. మా ఇళ్లలో ఆమెను ‘చెప్పే ఆమె’ అనేవాళ్లం. ఆమెకు ఐదు భాషలు వచ్చని అమ్మ మెచ్చుకునేది. నాకు అదే నచ్చలేదు. ఐదు భాషల్లో మాట్లాడే మనిషి ఏ భాషలో నిజం చెబుతుందో ఎలా తెలుస్తుంది?

ఒకరోజు తెర మీద హీరోయిన్ చచ్చిపోయింది. ఇవతల అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. అవతల మాత్రం పకపకా నవ్వులు. నాకు ఒళ్లు మండిపోయింది. మమ్మల్ని చూసే నవ్వుతున్నారు, ఈమె మా గురించే ఏదో చెప్పి నవ్విస్తోంది అనుకున్నాను.

మరుసటి వారం సినిమాకు ముందే సంతలో చింతపండు అమ్మే ఒకామె దగ్గర కూర్చున్నాను. పోయినసారి గోడ అవతల చూసిన ముఖమే. సంతలో అందరూ మాట్లాడే హల్బీ నాకు కాస్త వచ్చు, ఆ భాషలో, పోయిన వారం సినిమాలో ఆ పిల్ల ఏమైందని అడిగాను. అలిగి పుట్టింటికి పోయిందట, అక్కడ రెండు మేకలు కొనుక్కుందట, మొగుడు బతిమాలుకుంటూ వస్తే మేక వెంటపడి పొడిచిందట. ఆమె చెబుతూ మళ్లీ నవ్వింది. నేను దొంగను పట్టుకున్నంత సంబరపడ్డాను.

ఇంట్లో చెబితే నాన్న నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. ఆ రోజే విరామంలో మేనేజరు దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు. ఆయన భయం వేరు. తనకు రాని భాషలో, అడవి నుంచి వచ్చినవాళ్లకు, తన హాల్లో కూర్చుని ఒక మనిషి ఇంకేం చెబుతోందో అని. ఆమెను పిలిపించి, సినిమాలో లేనివి ఎందుకు చెబుతున్నావని నిలదీశాడు. నేను పక్కనే, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాను.

ఆమె చీపురు కింద పెట్టలేదు. “వాళ్లు అడవిల ఎంత దూరం నడవాలె సేటూ. ఏడుస్తా పోతే తోవ కానరాదు,” అంది.

అదంతా తనకు అనవసరమని, ఇక నుంచి ఊడ్చే పని చూసుకుంటే చాలని ఆయన అన్నాడు. ఆమె సరేనంది. వెళ్తూ వెళ్తూ నా వైపు ఒక్కసారి చూసింది.

తర్వాతి వారం గోడ అవతల చప్పుడు లేదు. ఆ ఆడవాళ్లు కాసేపు తెర వంక, కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకుని సగంలోనే లేచిపోయారు. నెల తిరిగేసరికి అవతల నేల ఖాళీ. చెప్పే ఆమె కూడా ఊరెళ్లిపోయింది. తర్వాత తెలుగు ఆట తీసేశారు, కొన్నేళ్లకు హాలునే ఎరువుల గోదాము చేశారు. ఇంటింటికీ టీవీలు రావడమే కారణమని అందరూ అంటారు. నాకు మాత్రం నా మీదే అనుమానం.

ఆమెకు తెలుసా? చెప్పింది నేనేనని? ఆ ఒక్క ప్రశ్న ఇన్నేళ్లూ ముల్లులా ఉండిపోయింది. టాకీసు కూలిందని విన్నాక ఇక ఆగలేక, వాకబు చేసుకుని ఈ ఏడు కిష్టారం వైపు వెళ్లాను. బస్సు దిగాక చాలా దూరం నడక. ఊళ్లో అడుగు పెట్టగానే ఏ సర్కారీ విభాగ్ నుంచి వచ్చారు, ఏం సర్వే అని అడిగారు. పాత టాకీసు సంగతంటే ఒక్కరూ నమ్మలేదు. వాళ్ల చోట నేనుంటే నేనూ నమ్మను.

చెప్పే ఆమె బాగా ముసలిదైపోయింది. మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. పక్కన కోడలు. నేను ఫలానా అని చెప్పుకుని, ఆ రోజు మేనేజరుకు చెప్పింది నేనేనని, తప్పయిందని తెలుగులోనే అన్నాను.

ఆమె చింతపండు ఒళ్లో పెట్టుకుంది. తన దోర్లీ భాషలో మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలుగు మరిచిపోయిందా, నాతో మాట్లాడటం ఇష్టం లేకనా? ఎంతసేపు మాట్లాడిందంటే ఒళ్లో చింతపండు అలాగే ఉండిపోయింది. ఒకసారి కొండల వైపు చూపించింది, ఒకసారి నా వైపు. ఎక్కడా నవ్వలేదు. చివర ఒక గింజను వాకిట్లోకి విసిరేసింది.

నేను కోడలి వంక చూశాను.

“ఏం లేదక్కా. అప్పుడు మీరు చిన్నపిల్లలంట, తప్పు లేదంట. అన్నం తిని పొమ్మంటాంది,” అంది ఆమె.

అంతసేపు మాట్లాడింది ఇంతేనా అని అడిగాను.

కోడలు అత్త వంక చూసింది, తర్వాత దుమ్ము కొట్టుకుపోయిన నా కాళ్ల వంక. “బస్సు దాకా నడవాలె కదా మీరు,” అంది.

నేను ఇంకేమీ అడగలేదు. పెట్టిన అన్నం తిని, ముసలామెకు దండం పెట్టి బయల్దేరాను. కోడలు నాకు చెప్పింది నిజం కాదని తెలిసి కూడా ఊరుకోవడం అదే మొదటిసారి. అయినా బస్సు దాకా నాకు దారి సరిగా కనిపించలేదు.