నేలకు జ్వరం చూసే బాబాయి

మా బాబాయి ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊళ్లోవాళ్ల కూరగాయలు చల్లగా ఉన్నాయా లేదా అని చూడటం ఆయన ఉద్యోగం. అది చాలనట్టు, ఇంటికొచ్చాక నేల వెచ్చగా ఉందా లేదా అని చూస్తాడు. పొడవాటి ఇనుప ముల్లు, దాని నెత్తిన గడియారంలాంటి బిళ్ల ఉన్న థర్మామీటరొకటి షాపు నుంచి తెచ్చి వంటింటి కిటికీ కింద మడిలో గుచ్చాడు. ఆనాటి నుంచి వీధంతా ఆయన్ని 'జ్వరం డాక్టరు' అంటోంది. ఆయన దాన్ని బిరుదు అనుకున్నాడు.

క్యాలెండరు చూసి గడ్డికి ఎరువు వేసేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. నాలుగు రోజులు ఎండ కాసిందని ఎదురింటి టైలరు పాపం తన లాన్‌లో ఎరువు చల్లుకుంటుంటే, గేటు దగ్గర నిలబడి క్లాసు పీకాడు.

"ఎండ నీ వీపుకి తగిలిందయ్యా, వేరుకి తగల్లేదు. వేరింకా నిద్రలోనే ఉంది. నిద్రపోయేవాడి నోట్లో ముద్ద కుక్కుతావా?"

టైలరు బస్తా మూతి కట్టేసి లోపలికి పోయాడు. మా లాన్ సంగతీ అంతే. వీధంతా పచ్చబడ్డా, అది మాత్రం డాక్టరుగారి అనుమతి కోసం ఎండుమొహంతో కూర్చునేది.

సంగతి పిన్ని గింజల దాకా వచ్చేవరకు ఇదంతా తమాషాగానే ఉండేది. పిన్ని వాళ్లమ్మ కిందటేడు చనిపోయింది. ఆవిడ ఏళ్ల తరబడి కాపాడుకొచ్చిన ఎర్రమచ్చల చిక్కుడు గింజలు ఒక పౌడరు డబ్బాలో గుప్పెడు మిగిలాయి. అవి పోతే ఆ చిక్కుడు ఇక లేదు. తల్లి పోయాక పిన్నికి దేనిమీదా మనసు నిలవలేదు, పొద్దెక్కేదాకా మంచం దిగేది కాదు. ఆ గింజలు నాటాలని మాత్రం పట్టుబట్టింది. డాక్టరుగారు రోజూ ముల్లు చూసి, నేల చల్లగా ఉంది, కుళ్లిపోతాయని తీర్పు చెప్పేవాడు.

"మీ ముల్లు ఊఁ అనేలోపు నేనూ మా అమ్మ దగ్గరికే పోతాను" అంది పిన్ని ఓ రోజు.

ఆ మర్నాడు తెల్లవారుతుండగా నేను పైన బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. పిన్ని పిల్లిలా బయటికొచ్చి, దుంపలు ఉడికించిన వేడినీళ్లు గిన్నెడు తెచ్చి ముల్లు చుట్టూ పోసింది. నన్ను చూసి నోటిమీద వేలేసుకుంది. నాకెందుకొచ్చిన గొడవని దుప్పటి చాటుకి తప్పుకున్నాను.

బాబాయి నోట్లో బ్రష్‌తో వచ్చి వంగి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"అబ్బో, వెచ్చబడిందే! ఇవాళ నాటేద్దాం. డబ్బా ఇటివ్వు. లోతు తేడా వస్తే కష్టం, నేనే నాటుతాను."

మొహం చూపిస్తే దొరికిపోతానని పిన్ని డబ్బా ఆయన చేతిలో పెట్టి లోపలికి పరిగెత్తింది. ఇంతటి మేధావిని దుంపల నీళ్లు బోల్తా కొట్టించాయని నేను కడుపు పట్టుకుని నవ్వాను.

ఆ తర్వాత పిన్ని రోజూ చీకటితోనే లేచి మడికి నీళ్లు పోసేది. ఒక్క మొలకా రాలేదు. చివరికి ఓ పొద్దున పుల్లతో తవ్వి చూస్తే, మెత్తగా కుళ్లిన గింజ వేళ్లకి అంటుకుంది. అక్కడే కూలబడి ఏడ్చింది. బాబాయి లోపల్నుంచి, నేను పైనుంచి పరిగెత్తుకొచ్చాం.

"మా అమ్మ గింజల్ని చేజేతులా చంపుకున్నానండీ. ఆ రోజు వేడినీళ్లు పోసింది నేనే."

బాబాయి లోపలికెళ్లి, పౌడరు డబ్బా తెచ్చి ఆమె ఒళ్లో వంచాడు. ఎర్రమచ్చల గింజలు గుప్పెడూ ఉన్నాయి.

"నేను నాటింది వంటింటి సీసాలో కూరకి ఉంచిన చిక్కుడు గింజలు. నేల రాత్రికి రాత్రే అంత వెచ్చబడుతుందే పిచ్చిదానా? పైగా ముల్లు పక్కన దుంపతొక్క ఒకటి!"

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?"

"మీ అమ్మ పోయాక నువ్వు తెల్లారకముందే లేచింది ఆ రోజే. వద్దనడానికి నోరు రాలేదు."

ఆ రోజు నవ్విన నా నవ్వు ఎటు పోయిందో తెలియలేదు. పిన్ని చెంగుతో మొహం తుడుచుకుంది.

"బాగుంది సంబడం! మొలవని గింజలకి ఇన్నాళ్లూ నాచేత నీళ్లు పోయించారా?"

బాబాయి అలవాటు కొద్దీ ముల్లు దగ్గర వంగబోయాడు. పిన్ని ఆయన్ని పక్కకి నెట్టి తనే వంగి చూసింది.

"ఇంకా వెచ్చబడలేదు. రేపు పొద్దున్నే లేచి నేను చూస్తాలెండి" అంది.