చివరి అక్షరం పట్టని గడి

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో హిందూపురంలోని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసంటే ఒక మేడగది, నాలుగు కంప్యూటర్లు. ప్రోగ్రాం రాసేది సోమందేపల్లి అబ్బాయి. అందులో తప్పులు పట్టేది నేను, పెనుకొండ నుంచి బస్సులో వచ్చేదాన్ని. ధర్మవరంలో ఒక పట్టుచీరల దుకాణానికి ఏ చీర ఉందో, ఏది లేదో చెప్పే ప్రోగ్రాం చేస్తున్నాం.

ఒకరోజు అతను పరీక్షలు కూడా తానే రాసేశాడు. మీట నొక్కితే చాలు, కంప్యూటరే ఒక్కో చీర నంబరు కొట్టి, జవాబు సరిచూసుకుని, పచ్చగీత వేసేది. నాకు భలే ముచ్చటేసింది. ఆఫీసు నడిపే సార్ కూడా చూశారు. "ఇంక పరీక్షకు వేరే మనిషి ఎందుకప్పా?" అనేసి లోపలికి వెళ్లిపోయారు. వచ్చే నెల నా ఉద్యోగం ఉంటుందా?

భయం ఉన్నా, ఆ పరీక్షల ప్రోగ్రాం ఏం చేస్తోందో తెలుసుకోవాలన్న కుతూహలం ఆగనివ్వలేదు.

"ఏమప్పా, ఇది జవాబు యాడ చూస్తాండాది?"

"ప్రోగ్రాం లోపల అక్కా. తెరతో పనేముండాది?"

నేను తెర చూశాను. దుకాణంలో వాళ్లకు తెలియాలని ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటే రాశాడు. చీర ఉంటే "ఉండాది", ఆ రకం నేయించడం మానేస్తే "ఉండదు". అతని స్పెల్లింగులో రెంటికీ ఆరేసి అక్షరాలు, చివరిదే తేడా. ఒకచోట ఐ, ఇంకోచోట యూ. తెర మీద జవాబు పడే గడిలో పట్టేది ఐదే. ఉన్న చీరకూ లేని చీరకూ తెర మీద ఒకటే జవాబు! పరీక్షలు మాత్రం అన్నీ పచ్చగా ఉన్నాయి.

పగలబడి నవ్వాను. అతను ముఖం మాడ్చుకుని, కాసేపటికి తనూ నవ్వాడు. "చివరి అక్షరం నా మనసులో ఉండాది కదక్కా, కంటికీ అదే కనపడె."

ఆ మధ్యాహ్నం కుర్చీలు మార్చుకున్నాం. తెర మీది మాటను చదివే పరీక్ష నేను రాశాను. అతను నా మాదిరి చీర నంబర్లు కొడుతూ తప్పులు వెతికాడు. ఎర్రగీత పడ్డప్పుడల్లా ఇద్దరం వంగి చూసేవాళ్లం. అంత సరదాగా నేనెప్పుడూ పనిచేయలేదు.

సార్ వచ్చి తెర మీద చివర తెగిన ఆ మాట చూశారు. "ఇదేందప్పా, ఉండాదా, ఉండదా?"

"నా ఉద్యోగం గురించి నేనూ అదే అడుగుతాండా సార్" అనేశాను.

ఆయన నోరు తెరిచేలోపే పక్క కుర్చీలోంచి జవాబొచ్చింది. "ఉండాది సార్. నేను రాసింది నేనే చూసుకుంటే ఇట్లే ఐతాది."

సార్ ఇంకోసారి తెర వైపు చూశారు. "సరే, ఇద్దరూ కూచోని ఆ గడి పెద్దది చేయండి" అన్నారు.