ముద్దనూరులో దిగే మామ

ఆ వయసులో నాకు తెలియని సంగతంటూ ఒక్కటీ ఉండేది కాదు. ప్రొద్దుటూరులో చీరల అంగట్లో కొత్తగా పనికి చేరి, పట్టుచీర మడత సరిగా వేయడం రాకపోయినా, ఎవరికి ఏ జబ్బు వచ్చినా మందు మాత్రం నేనే చెప్పేవాణ్ణి. ఆ అంగట్లో నన్ను చేర్చింది అక్కడే పనిచేసే మా అమ్మ తమ్ముడు. పదిమంది ఆడవాళ్లు ఒకేసారి పది రంగులు అడిగినా తొణకని మనిషి, బస్సెక్కితే మాత్రం బిగుసుకుపోయేవాడు. ఒళ్లంతా చెమటలు, గుండెదడ, ఊపిరాడదు. గుండె పరీక్షలు చేయించుకుంటే గుండ్రాయిలా ఉన్నావన్నారు. దర్గాలో తాయెత్తు కట్టించుకున్నా తగ్గలేదు. పులివెందుల బస్సెక్కి, ముద్దనూరులో దిగి, టీ తాగి వెనక్కి వచ్చేసేవాడు. అందుకని మా ఇంట్లో ఆయన ముద్దనూరు మామ. (అంతకు రెండేళ్ల ముందు జమ్మలమడుగులోనే దిగేవాడు కాబట్టి జమ్మలమడుగు మామ. పేరు మార్చింది నేనే. ఎందుకు మార్చాల్సి వచ్చిందో మాత్రం ఆలోచించలేదు.)

అంతలో మా అక్క పెళ్లి కుదిరింది. పెళ్లి పులివెందులలో, మగపెళ్లివాళ్ల ఊళ్లో. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సింది మేనమామ. మాకున్నది ఈయనొక్కడే. ఈయన మధ్యలో దిగిపోతే గంప ఎవరు పడతారని అమ్మకు వారం రోజులు అన్నం సయించలేదు. మామ తన ఏర్పాటు తాను చేసుకున్నాడు. పెళ్లిబస్సు వద్దు, తెల్లవారి మొదటి బస్సుకు పోతాను, ముద్దనూరులో కాసేపు దిగి, నిమ్మళించాక వెనక వచ్చే బస్సెక్కుతాను, ముహూర్తానికి ఉంటాను అన్నాడు. అమ్మ నమ్మలేదు. నేనైతే పూర్తిగా వినలేదు. పెళ్లిబస్సును ముద్దనూరులో టీకి ఆపుతారని ఆయనకు అబద్ధం చెప్పి ఎక్కించాను. ఏమైనా సరే అక్కడ ఆపొద్దని డ్రైవరుకు చెప్పి, మామ పక్కనే అడ్డంగా కూర్చున్నాను.

జమ్మలమడుగు బాగానే దాటింది. ముద్దనూరు రాగానే మామ చెప్పులు వేసుకున్నాడు. బస్సు ఆగలేదు. మామ లేచి నిలబడ్డాడు.

"ఆపమను అల్లుడా. దిగల్ల."

"ఏం కాదులే మామా, కూచో."

"రెండు నిమిషాలురా. మళ్లా ఎక్కుతా. మీ అక్క మీద ఒట్టు."

నేను నవ్వాను. నన్ను చూసి వెనక సీట్లవాళ్లూ నవ్వారు. మామ ముందు సీటు కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పులివెందుల వచ్చేదాకా ఆ కమ్మీ వదల్లేదు. కొత్త చొక్కా పిండితే నీళ్లు కారేలా తడిసిపోయింది. గంప పట్టినప్పుడు ఆయన చేతులు వణుకుతుంటే, మేనకోడలి మీద ప్రేమ అనుకున్నారు అందరూ. నేను మాత్రం ఏళ్లనాటి జబ్బును ఒక్క పూటలో కుదిర్చానని పందిరంతా చెప్పుకుంటూ తిరిగాను. (ఆ ఘనకార్యానికి పాయసం కూడా రెండుసార్లు వేయించుకున్నాను.)

తిరుగు ప్రయాణంలో మామ బస్సెక్కలేదు. నాలుగు రోజుల తర్వాత తెలిసినవాళ్ల ట్రాక్టరు మీద ఇల్లు చేరాడు. ఆ తర్వాత ఏ బస్సూ ఎక్కలేదు. అక్క బిడ్డకు పేరు పెడుతుంటే కూడా పోలేకపోయాడు. నాకు చీర మడత నేర్పడం మాత్రం మానలేదు. కోప్పడి ఉంటే నాకు ఇప్పుడింత బాధ ఉండేది కాదేమో.

పోయిన ఏడాది ఆ జబ్బు నాకే వచ్చింది. అంగట్లో కొత్తగా పెట్టిన లిఫ్టులో, చేతిలో చీరల కట్టతో ఉండగా, ఇక చచ్చిపోతున్నానని అరిచాను. పరీక్షలు చేసి నన్నూ గుండ్రాయి అన్నారు. చివరికి మానసిక వైద్యురాలి దగ్గరికి పోతే, ఇది ఆందోళన జబ్బు, పిరికితనం కాదు అని చెప్పి మందు రాసిచ్చింది, ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పింది. లిఫ్టును తప్పించుకుని తిరిగితే భయం పెరుగుతుందట. అలాగని ఎవరో బలవంతంగా లోపలికి తోసినా చెడుతుందట. ముందు తలుపు తెరిచి నిలబడు, కుదురుకున్నాక ఒక్క అంతస్తు పో, ఆ తర్వాత ఇంకొకటి అంది. వింటుంటే నాకు జమ్మలమడుగు, ముద్దనూరు వరసగా గుర్తొచ్చాయి. అప్పట్లో మామ ఏ డాక్టరూ చెప్పకుండానే ఒక్కో ఊరు దాటుకుంటూ పోతుండేవాడు. తర్వాతిది పులివెందులే. ఆయన్ని ఆ ఊరికి తీసుకుపోయి, ఆయన దారిని నేను చెడగొట్టాను.

మరుసటి రోజు అంగట్లో, లిఫ్టు ముందు నిలబడి, ఆ మాటే మామకు చెప్పాను. తప్పయిందన్నాను. ఆయన చేతిలో ఉన్న చీర మడత పూర్తిచేసి పక్కన పెట్టాడు.

"బస్సు ఆపకపోతే ఆపకపోయినావు. నా పక్కన కూచొని నగితివి చూడు, అది మరిచిపోలేకుండా ఉండా," అన్నాడు. తర్వాత లిఫ్టు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "పా, ఒక్క అంతస్తు పోదాం. దిగల్లంటే చెప్పు, దిగుదాం."

మొదటి అంతస్తులో ఇద్దరం దిగి, మిగతావి మెట్లెక్కాం. ఇప్పటికీ అంతే. అంగట్లో ఆడపిల్లలు చాటుగా నన్ను మొదటి అంతస్తు అన్న అంటారట. పేర్లు పెట్టడంలో నా అంతటివాడు లేడనుకునేవాణ్ణి, వాళ్లు నన్ను మించిపోయారు. జమ్మలమడుగు బస్సు మాట మాత్రం నేను ఇంతవరకూ ఎత్తలేదు. ఎప్పుడు ఎక్కాలో, ఎక్కడ దిగాలో మామే చెప్పాలి.