‘మాతా’కు అభ్యంతరం చెప్పినవాడు

పందొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డాక్యుమెంటేషన్ మేనేజరుగా చేరాను. ప్రోగ్రామర్లు తయారుచేసినదాన్ని కొన్నవాళ్లు ఎలా వాడుకోవాలో చెప్పే పుస్తకాలు రాయించడం నా పని. హోదాలో ప్రాజెక్టు మేనేజరు కంటే ఒక మెట్టు కింద. అంటే సమావేశాల్లో కుర్చీ ఉంటుంది, మాటకు విలువ మాత్రం ఆయన మూడ్‌ను బట్టి ఉంటుంది.

అప్పట్లో మావాళ్లు ఆసుపత్రుల కోసం ఒక ప్యాకేజీ తయారుచేస్తున్నారు. రోగి చేరినప్పటి నుంచి ఇంటికి వెళ్లేదాకా వివరాలన్నీ అందులో ఉంటాయి. కొంటామని ముందుకొచ్చినవాళ్లు పెరూ దేశపు డాక్టర్లు. ఎండీ గారు దానికి ‘మాతా’ అని పేరు ఖాయం చేశారు. రోగిని తల్లిలా చూసుకుంటుందన్నది పైకి చెప్పిన కారణం. ఇంగ్లీషులో ఆ నాలుగు అక్షరాల అంకెలూ కలిపితే ఒకటి వస్తుందనీ, ఒకటంటే సూర్యుడనీ చిక్కడపల్లి సిద్ధాంతి ఒకాయన చెప్పడం అసలు కారణం. భవనం నిండా కంప్యూటర్లు పెట్టుకుని, కూడిక కోసం చిక్కడపల్లి దాకా వెళ్లారు.

విదేశాలకు వెళ్లే పేరును ముందుగా ఆయా భాషలు తెలిసినవాళ్లకు చూపించాలి. దీన్ని లింగ్విస్టిక్ రివ్యూ అంటారు. ఆ సమావేశం నేనే ఏర్పాటు చేశాను. ఇండోనేషియాలో ఆ మాటకు కన్ను అని అర్థమట. జపాన్‌లో ‘మళ్లీ’ అట. రోగి మళ్లీ రావడం మంచిదేగా అని ఎండీ గారు మురిసిపోయారు. హిందీవాళ్లు తల్లినీ అలాగే అంటారు, ఆటలమ్మ పోసినా అలాగే అంటారు. ఈ సంగతి గదిలో సగం మందికి తెలుసు. ఒక్కరూ నోరు మెదపలేదు.

దానికి మా కంపెనీ ఆచారం ఒకటి కారణం. లోపం ఎవరు చూపిస్తే దాన్ని సరిచేసే బాధ్యత కూడా వాళ్ల నెత్తినే పడుతుంది. ‘ఓనర్‌షిప్’ అని దానికి ముద్దుపేరు. అందుకే తలా ఒక ‘నో అబ్జెక్షన్’ పడేసి టీ తాగేవారు.

పెరూవాళ్లు మాట్లాడే స్పానిష్‌కు మా అనువాదకుడు మల్లేశ్. అతనొక్కడే ఆ ఆచారాన్ని లెక్కచేయలేదు. మూసాపేటలో కిరాయి ఇల్లు, అతని జీతం మీదే ఇల్లంతా. ప్రొబేషన్ ఆ నెలాఖరుకు ముగుస్తుంది. ఉద్యోగం పర్మనెంట్ అయ్యేదీ లేనిదీ అప్పుడే తేలాలి.

“సార్, స్పానిష్‌ల ‘మాతా’ అంటే చంపుతది అని. దవాఖానల గా పేరు పెడ్తే ఎట్ల సార్?” అని ప్రాజెక్టు మేనేజరును అడిగాడు.

ప్రాజెక్టు మేనేజరు రమణారావు గారు ఎంతో మర్యాదగా, అయితే దీనికి ఓనరు మీరేనండి, ఎండీ గారికీ సిద్ధాంతి గారికీ నచ్చే పేరు మీరే తెండి అన్నారు. పాపం, మల్లేశ్ తెచ్చాడు. ఏ పేరుకూ సూర్యుడు కుదరలేదు. నేను వెళ్లి ఎండీ గారికి గట్టిగానే చెప్పాను. బ్యానర్లు అచ్చయ్యాయనీ, ముహూర్తం పెట్టేశామనీ, డాక్టర్లకు ఇంగ్లీషు రాకపోదు, స్పానిష్ అర్థం ఎవరు తీస్తారనీ ఆయన జవాబు. రివ్యూ పూర్తయిందని సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు. అయినా పని ఆగలేదు.

పెరూ డాక్టర్లు వచ్చారు. హాల్లో గోడ పొడుగునా బ్యానరు: ‘ప్రతి మంచం పక్కనా మాతా’. పెద్ద డాక్టరు దాన్ని రెండుసార్లు చదివి, ఈ అర్థం మీలో ఎవరికీ తెలియదా అని నెమ్మదిగా అడిగాడు. రమణారావు గారు తడుముకోకుండా, ఆ విషయానికి ఓనరు ఇతనే అని మల్లేశ్‌ను చూపించారు. నాకు ఒళ్లు మండిపోయింది.

“చెప్పింది ఇతనొక్కడే. వినంది మేము,” అన్నాను, డాక్టరుకు అర్థమయ్యే ఇంగ్లీషులోనే.

వాళ్లు భోజనం చేసి వెళ్లిపోయారు. ఒప్పందం కుదరలేదు. నెలాఖరుకు మల్లేశ్ ప్రొబేషన్ పొడిగించారు. కారణం, ఓనర్‌షిప్ చాలలేదట.

“ఊకున్నోళ్లంత పర్మనెంట్ అయిన్రు మేడమ్. ఇగ నేనీడ ఉండ,” అని నాతో చెప్పి రాజీనామా ఇచ్చాడు.

తర్వాత ప్యాకేజీకి కొత్త పేరు పెట్టారు. దానికీ రివ్యూ జరిగింది. అభ్యంతరం ఒక్కటీ రాలేదు. స్పానిష్ తెలిసినవాడు అప్పటికి కంపెనీలో లేడు.

ఒక మాటకు ఏ దేశంలో ఏ అర్థముందో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. తెలిసినవాళ్లు మన జీతం మీదే ఉంటారు. వాళ్లు నోరు తెరిచాక కూడా ఆ జీతం వస్తుందా రాదా అన్నది కంపెనీ తేల్చుకోవాలి. మా కంపెనీ తేల్చుకుంది.